కాళ్ల కింద పట్టిన గ్రహణం

నేను ఏడో తరగతి తప్పాను. లెక్కల్లో తప్పాను, అది గుర్తుపెట్టుకోండి. మా నాన్న నన్ను జగ్గయ్యపేటలో ఓ సందులో ఉన్న అచ్చాఫీసుకు తీసుకెళ్లి, "వీడికి చదువు అబ్బలేదండి, కనీసం అక్షరాలన్నా నేర్పండి" అని అప్పటి ఓనరుగారికి అప్పగించి వచ్చాడు. ఆయన నేర్పారు. సీసపు అక్షరాలను అద్దంలో చూసినట్టు తిరగేసి చదవడం, తిరగేసి పేర్చడం నేర్చుకున్నాను. బడిలో కూడా పాఠాలు అలా తిరగేసి ఉంటే పాసయ్యేవాణ్ణేమో. మొత్తానికి నలభై ఆరేళ్లు అదే సందులో గడిపాను. సీసం పోయి కంప్యూటరు వస్తే, నలభై దాటిన వయసులో దాన్నీ నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, అది నన్ను క్షమించడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు చెప్పబోయేది నా ఉద్యోగంలో ఆఖరి క్యాలెండరు కథ. మీరంతా తేదీ ఫోన్లో చూసుకునేవాళ్లు కాబట్టి ముందు క్యాలెండరు సంగతి చెప్పాలి.

దసరా వెళ్లిందంటే మాకు సీజను. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల కొట్లవాళ్లంతా కొత్త సంవత్సరానికి క్యాలెండర్లు వేయించుకునేవారు. పైన దేవుడి బొమ్మ శివకాశి నుంచి వచ్చేది. కింద తేదీల కాగితాలు మావి. ఏ తేదీకి ఏ తిథి, ఏ నక్షత్రం, ఎప్పుడు పండగ, ఎప్పుడు గ్రహణం అన్నది వత్సవాయి అవతల ఓ పల్లెలో ఉండే సిద్ధాంతిగారు రాసిచ్చేవారు. క్యాలెండరు అడుగున 'గణితం' అని వేసి ఆయన పేరూ, ఫోన్ నంబరూ వేసేవాళ్లం. చుట్టుపక్కల పల్లెల్లో మనుషులు ఆ అడుగు లైను చూసే క్యాలెండరు మేకుకు తగిలించేవాళ్లంటే అబద్ధం కాదు.

పని ఇలా నడిచేది. ఆయన రాసిచ్చిన కాగితాలు చూసి నేను పేర్చేవాణ్ణి. ప్రూఫు తీసి పంపితే ఆయన ఎర్ర సిరాతో దిద్ది అడుగున సంతకం పెట్టేవారు. దిద్దుబాట్లు చేసి అచ్చు మిషనుకెక్కే ప్లేటు తయారుచేసేవాళ్లం. ఆ ఎర్ర సంతకం పడ్డాక కామా కూడా కదపకూడదని పెద్ద ఓనరు పెట్టిన నియమం. ఆయన పోయి కొడుకు వచ్చినా నియమం పోలేదు. నలభై ఆరేళ్లలో దాన్ని నేను ఒక్కసారే తప్పాను.

సీసం రోజుల్లో మా దగ్గర చిన్న చిన్న బొమ్మల బ్లాకులు ఉండేవి. పౌర్ణమికి తెల్ల గుండ్రం, అమావాస్యకు నల్ల గుండ్రం, రంజానుకు నెలవంక, క్రిస్మస్‌కు చుక్క. గ్రహణానికి ఓ పాము నోరు తెరిచి చంద్రుణ్ణి అందుకుంటున్న బ్లాకు. మిగతావి రోజూ చేతికి తగిలేవే. పాము మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఒక్కో ఏడు అసలు అక్కర్లేదు. అందుకని అవసరమైన రోజునే కనపడకుండా పోయేది. విసుగొచ్చి దాన్ని ఓ జర్దా డబ్బాలో పెట్టి, అందులో ఓ కాగితం పెట్టాను. బ్లాకు వాడినప్పుడల్లా ఏ గ్రహణానికి వాడానో తేదీ, టైము రాసేవాణ్ణి. పోతే ఎవరు పోగొట్టారో తెలియాలిగా. కంప్యూటరు వచ్చాక ఆ బ్లాకుకు పని పోయింది, దాని బొమ్మ లోపలికి వెళ్లింది. కాగితం రాసే అలవాటు మాత్రం నాకు పోలేదు.

2018 క్యాలెండరు పని ముగించిన రోజు మధ్యాహ్నం, ఆ కాగితం మీద కొత్త గ్రహణం రాస్తూ పైకి చూశాను. ఇప్పుడు రాసింది 2018 జూలై 27. పైన 2000 జూలై 16 ఉంది. పద్దెనిమిదేళ్లు, పదకొండు రోజులు. సర్లే అనుకున్నాను. ఇంకా పైకెళితే 1989 ఫిబ్రవరి 20. దానికి పద్దెనిమిదేళ్ల పదకొండు రోజులు కలిపాను, వేళ్ల మీద. 2007 మార్చి 3. కాగితం మీద అదీ ఉంది.

మిషను మీద ఉన్న భాయ్‌ని పిలిచాను. ఈయన నాకంటే ఏడేళ్లు చిన్న. ఆఫ్‌సెట్ మిషను వచ్చిన రోజు నుంచీ దాన్ని నడిపింది ఆయనే. ఎదురుగా పని చేసుకుంటూ ముప్పై ఏళ్లు ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుని బతికాం.

కాగితం చూసి భాయ్ అన్నాడు: "అంటే గ్రహణాలు కూడా రిపీట్ ఆర్డరేనా గురూ?"

"అంతే. పాత ఆర్డరే, తేదీ మార్చి మళ్లీ వేస్తున్నారు పైన."

"మన పనే కదా. మరి పైన కంపోజింగు ఎవరో, మనలాగా తప్పులు చెయ్యడేమో."

నాకు ఆ రోజంతా కాళ్లు నేల మీద నిలవలేదు. ఏడో తరగతి తప్పినవాడు ఆకాశం గుట్టు కనిపెట్టాడు. ఆ సంబరంలోనే ఓ చిన్న సంగతి కళ్లబడింది, అదీ చెప్పేస్తాను. కాగితం మీద 1997 సెప్టెంబరు 16 అని ఉంది. నా లెక్క ప్రకారం 2015 సెప్టెంబరులో ఒకటి ఉండాలి. లేదు. ఆ ఏడు కామెర్లు వచ్చి నెల్లాళ్లు సెలవు పెట్టాను, రాయడం మర్చిపోయి ఉంటాను అనుకున్నాను. 2015 క్యాలెండరు పాత కట్టలో చేతికందే దూరంలోనే ఉంది. చూడలేదు. చూస్తే నా సిద్ధాంతం పోతుందేమో అని లోపల ఎక్కడో భయం ఉంది. పిల్లలూ, పెద్ద పెద్ద తప్పులన్నీ ఇలా లేచి చూడని బద్ధకంలోనే పుడతాయి.

ఇక 2025 క్యాలెండరుకు వద్దాం. ఆ మార్చి నెలాఖరుకు నేను రిటైరవుతాను, ఇదే చివరి పని. సిద్ధాంతిగారికి అప్పటికి ఎనభై దగ్గర పడింది. రెండు కళ్లకీ శుక్లాలు. ప్రూఫు దిద్ది పంపారు కానీ ఎర్ర సంతకం గీత మీద కాకుండా పక్కకు జారి ఉంది. మర్నాడే ఆయన్ని విజయవాడ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ప్రూఫులో గ్రహణం ఒకటే ఉంది, సెప్టెంబరు 7న. నేను జర్దా డబ్బా తీశాను. 2007 మార్చి 3కి పద్దెనిమిదేళ్లూ పదకొండు రోజులూ కలిపాను. 2025 మార్చి 14. క్యాలెండరులో ఆ తేదీ చూశాను. పౌర్ణమి, హోలీ. నేను కలిపిన లెక్క వెళ్లి సరిగ్గా పౌర్ణమి మీద కూర్చుంది. పౌర్ణమి నాడు కాక చంద్రగ్రహణం ఇంకెప్పుడు పడుతుంది? పాపం, పెద్దాయన శుక్లాల వల్ల దీన్ని వదిలేశారు.

ఫోను చేశాను. స్విచ్ఛాఫ్. ప్లేటు ఆ సాయంత్రం మిషనెక్కాలి. నాకొచ్చిన ఆలోచన ఏమిటంటే, నలభై ఏళ్లుగా మాకు తిథులు రాసిచ్చిన మనిషి పరువు ఇప్పుడు నా చేతుల్లో ఉంది, నేనే కాపాడాలి. ఆ పాము బొమ్మ తీసుకెళ్లి మార్చి 14 గడిలో పెట్టి, కింద 'చంద్రగ్రహణం' అని కొట్టాను.

భాయ్ ప్లేటు మిషనుకు ఎక్కిస్తూ ఆగాడు. "ఇది నిన్న లేదే."

"ఇవాళ ఉంది."

"సంతకం అయిపోయినాక పెట్టావా?"

"ఆయన కళ్లు కనపడక వదిలేస్తే నేను చూసి పెట్టా. తప్పా?"

"టైమేది మరి? గ్రహణం అని వేసి టైము వెయ్యకపోతే పెళ్లికార్డులో ముహూర్తం వెయ్యనట్టుంటది."

"టైము ఆయన్ని అడిగి చెప్పుకుంటార్లే. కింద నంబరుంది కదా."

ఆ మాట అన్నది నేనే. అలాగే అడిగారు కూడా.

సంక్రాంతికి ముందే క్యాలెండర్లు ఊళ్లకు వెళ్లిపోయాయి. అన్నిటికన్నా ఎక్కువ వేయించింది నందిగామలో ఎరువుల కొట్టు షావుకారు. ఆయన కొట్లో పురుగుమందు డబ్బా కొన్న ప్రతి రైతుకూ ఓ క్యాలెండరు. ఫిబ్రవరి దాటగానే సిద్ధాంతిగారికి ఫోన్లు మొదలయ్యాయి. గ్రహణం పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు, మా కోడలు కడుపుతో ఉంది గది తలుపులు ఎప్పుడు వెయ్యాలి, గుడి తలుపులు ఎప్పుడు వెయ్యాలి, మిరపకోతకు కూలీలు వస్తారా రారా. టీవీలో చెప్పడం లేదు, ఇంకో క్యాలెండరులో లేదు, మీదాంట్లోనే ఉంది, ఏమిటండీ అని.

మార్చి మొదట్లో ఆయన చేతికర్రతో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. రెండో కంటికి ఈమధ్యే అయిన ఆపరేషన్ తాలూకు నల్లద్దాలు.

"నేను రాసిచ్చిన కాగితాలు ఓసారి చూడాలి నాయనా" అన్నారు మా ఓనరుతో. ఇప్పటి ఓనరు పెద్దాయన కొడుకు. నా చేతుల్లో పెరిగాడు, నన్ను బాబాయ్ అంటాడు.

"ఎక్కడ పెట్టామో కనపడట్లేదండి, వెతికిస్తా" అన్నాడు వాడు.

కాగితాలు నా సొరుగులో ఉన్నాయి. వాటిలో మార్చి 14 గడిలో 'పౌర్ణమి, హోలీ' తప్ప ఇంకేమీ లేదు. తప్పు నాదేనన్న సంగతి కూడా అప్పటికి నాకు తెలుసు. ఎందుకంటే ఫోన్ల గొడవ మొదలైన రోజు నేను ఆఖరికి లేచి, 2015 క్యాలెండరు తీసి చూశాను. సెప్టెంబరులో ఏ గ్రహణమూ లేదు. నేను మర్చిపోలేదు, కామెర్లదీ తప్పు లేదు. నా సిద్ధాంతానికే ఎక్కడో చిల్లుంది.

సిద్ధాంతిగారు వెళ్లాక ఓనరుకు అంతా చెప్పాను. వాడు కుర్చీలో వెనక్కి వాలాడు.

"బాబాయ్, ఇది మన మీదికి రానియ్యకు. షావుకారు ఆర్డరు పోతే సీజనంతా పోయినట్టే. ఆయనకి శుక్లాలని ఊరంతా తెలుసు. ఆయనే పొరపాటు పడ్డాడంటే ఎవరూ కాదనరు. ఆయన కూడా కాదనడు చూడు."

"కాదనకపోవడమేరా నాకు భయం."

"ఇంకో మూడు వారాల్లో రిటైరవుతున్నావు. దండ వేయించుకుని వెళ్లు హాయిగా."

నేను ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. జోకులు వేసేవాడికి ఉన్న సుఖం ఇదే, జవాబు చెప్పాల్సిన చోట ఓ జోకు వేసి బయటపడొచ్చు. "దండ వాడిపోకముందే తప్పు బయటపడితే ఎట్లారా" అని నవ్వి వచ్చేశాను.

భాయ్ దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. అది రంజాను నెల. "చెప్పేసెయ్ గురూ" అన్నాడు మిషను తుడుస్తూ. "నేను రోజా ఉన్నా. ఎవరన్నా నన్ను అడిగితే నిజమే చెప్తా. మళ్లీ నన్ను అనకు."

"ఎవరూ నిన్ను అడగరులే."

"అడక్కపోతే నాకేం. నువ్వు పడుకునేటప్పుడు నిన్ను నువ్వే అడుక్కుంటావుగా."

ఇంతలో నందిగామ షావుకారు నుంచి కబురు వచ్చింది. రోజూ రైతులు కొట్టు ముందుకొచ్చి అడుగుతున్నారట. ఫోన్లో సిద్ధాంతిగారు నీళ్లు నములుతున్నారట. షావుకారు తల్లి పెద్దావిడ, మహా నిష్ఠ గల మనిషి, "ఆయన్నే రమ్మను, నా ముందు నిలబడి చెప్పమను" అందట. చెప్పలేకపోతే వచ్చే ఏడు క్యాలెండరు మీద విజయవాడాయన ఎవరిదో పేరు వేద్దామని షావుకారు మా ఓనరుతో అనేశాడు. ఒక కొట్టు మారిస్తే మిగతా కొట్లూ మారుస్తాయి. నలభై ఏళ్లుగా ఉన్న ఆ అడుగు లైను పోతుంది.

మార్చి 14 పొద్దున సిద్ధాంతిగారు జగ్గయ్యపేట బస్టాండులో దిగి నాకు ఫోను చేశారు. "కళ్లు ఇంకా కుదురుకోలేదయ్యా. నందిగామ దాకా తోడు రా." నేను సొరుగులోంచి ఆ కాగితాలూ, ఎర్ర సంతకం ఉన్న ప్రూఫూ తీసి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఆ నిమిషంలో అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాం. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కాలేజీ పిల్లలు కొందరు మొహాలకు రంగులు పూసుకుని ఎక్కారు. ఆయన నల్లద్దాలు సర్దుకుని మెల్లిగా మొదలుపెట్టారు.

"ఇవాళ గ్రహణం ఉన్నమాట నిజమే. నేను లెక్క కట్టాను. కానీ మనకి కనపడదు కాబట్టి క్యాలెండరుకు ఇవ్వకూడదు. నా చిత్తుకాగితంలోనే కొట్టేసి, మీకు రాసివ్వలేదనే అనుకుంటున్నా. కానీ ఆ రోజుల్లో నాకు గీత ఏదో అక్షరం ఏదో తెలిసేది కాదు. కొట్టెయ్యడం మర్చిపోయి ఉంటాను."

"మీరు మర్చిపోరండి."

"ఎందుకు మర్చిపోను? సంతకమే పక్కకి పోయిందటగా." కర్ర ఒళ్లోకి తీసుకున్నారు. "ఇవాళ ఆవిడ ముందు ఒప్పేసుకుంటా. ఒప్పుకుని ఈ పని మానేస్తానయ్యా. చూపుని నమ్మలేనివాడు ఊరికి తిథులు చెప్పకూడదు."

నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే కండక్టరు టిక్కెట్టు టిక్కెట్టు అంటూ వచ్చాడు. అతను వెళ్లాక మళ్లీ తెరిచాను. బయటికి వచ్చింది ఇది: "మీరు మానేస్తే నేను రిటైరయ్యి ఏం లాభమండీ, ఇద్దరం ఒకేసారి ఖాళీ అయితే ఊళ్లో అరుగులు చాలవు." ఆయన నవ్వారు. నలభై ఆరేళ్లలో నా జోకుకు ఎవరైనా నవ్వినందుకు సిగ్గుపడ్డది ఆ ఒక్కసారే.

కొట్టు దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. లోపల యూరియా బస్తాల మధ్య కుర్చీలు వేశారు. నలుగురైదుగురు రైతులు, షావుకారు, గోడకు ఆనుకుని మడత కుర్చీలో పెద్దావిడ. తెల్లారుజామునే స్నానం చేసి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట. ఇంట్లో పచ్చడి జాడీల మీద, పెరుగు మీద గరిక పెట్టి వచ్చిందట. ఆవిడ తల మీద గోడకు మా క్యాలెండరు, అందులో మా పాము నోరు తెరుచుకుని.

"రండి పంతులుగారూ" అన్నాడు షావుకారు, మర్యాదగానే కానీ లేవకుండా.

ఓ రైతు అందుకున్నాడు. "ఏవండీ, మా ఇంట్లో పొద్దుటి నుంచీ పొయ్యి వెలిగించలా. మీరు టైము చెప్తే మా ఆడోళ్లు అన్నం వండుతారు. మా పెద్దోడు ఆకలికి క్యాలెండరు తినేట్టున్నాడు."

పెద్దావిడ చెయ్యెత్తింది. అందరూ ఊరుకున్నారు. "మా ఆయన ఉన్నప్పటి నుంచి మీరు చెప్పిన తిథికే మా ఇంట్లో అన్నీ చేశాం" అంది. "ఇవాళ ఏమిటి సంగతి? ఉందా, లేదా?"

సిద్ధాంతిగారు కర్ర మీద రెండు చేతులూ వేసి నిలబడ్డారు. "తల్లీ, తప్పు..."

"నాదండి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. సిద్ధాంతిగారు కూడా తిరిగారు, నల్లద్దాల్లో ఆయన చూపు కనపడలేదు. ఇక ఆగితే మళ్లీ ఏదో జోకు నోట్లోకి వస్తుందని గబగబా చెప్పేశాను. సంచిలోంచి కాగితాలు తీసి బస్తా మీద పరిచాను. "ఇవి ఆయన రాసిచ్చినవి. మార్చి పద్నాలుగు చూడండి, పౌర్ణమి, హోలీ, అంతే. ఇది ఆయన సంతకం పెట్టిన ప్రూఫు. ఇందులోనూ లేదు. సంతకం అయ్యాక ఆ పాముని అక్కడ పెట్టింది నేను. ఆయన్ని అడక్కుండా పెట్టా. కాగితాలు దొరకట్లేదని చెప్పినప్పుడు కూడా నా సొరుగులోనే ఉన్నాయి."

షావుకారు కాగితం తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, రైతుకు ఇచ్చాడు. రైతు చూసి పెద్దావిడకు ఇచ్చాడు. ఆవిడ చదివి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

సిద్ధాంతిగారు మాత్రం కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "కొట్టేశానన్నమాట" అన్నారు, ఎవరితోనూ కాదు. "కళ్లు కనపడకపోయినా కొట్టేశాను." అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వెందుకు పెట్టావురా?" అన్నారు. నలభై ఏళ్లలో నన్ను రా అనడం అదే మొదలు. తిట్టులా లేదు.

జర్దా డబ్బా, కాగితం, పద్దెనిమిదేళ్ల పదకొండు రోజులు, అన్నీ చెప్పాను. వింటూ వింటూ ఆయన పెదాల చివర్లు కదిలాయి. చివరికి కర్ర నేలకేసి తాటించి పడీ పడీ నవ్వారు.

"బ్లాకు పోతుందని రాసుకున్న కాగితంలో ఇది పట్టుకున్నావా? నాకు మా గురువుగారు చెప్తే తెలిసింది. సరే, ఎనభై తొమ్మిదిలో ఎప్పుడు నిండుగా పట్టింది?"

"రాత్రి తొమ్మిదికండి."

"రెండు వేల ఏడులో?"

"తెల్లారుజామున అయిదుకి."

"తొమ్మిదికీ అయిదుకీ మధ్య ఎంత?"

వేళ్లు మడిచాను. "ఎనిమిది గంటలు."

"పదకొండు రోజులు కలిపినవాడివి ఆ ఎనిమిది గంటలు ఎందుకు కలపలేదు? పక్కనే రాసి ఉంది కదా. అయిదుకు ఎనిమిది కలుపు."

"మధ్యాహ్నం ఒంటిగంట." అన్నాను.

"ప్రతిసారీ ఆ ఎనిమిది గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది. గ్రహణం వస్తుంది, కానీ మనం చంద్రుడికి వీపు చూపిస్తూ ఉంటాం. నీ లెక్క తప్పు కాదు. అరగంట తేడాలో, పన్నెండున్నరకి నిండుగా పడుతుంది." షావుకారు గోడ గడియారం వైపు తల తిప్పారు. "ఎంతయింది?"

"పన్నెండూ ఇరవై ఎనిమిది" అన్నాడు షావుకారు.

"అయితే ఇప్పుడే. ఇదిగో ఇక్కడ." కర్రతో రెండు బస్తాల మధ్య నేలను పొడిచారు. "భూమికి అవతల, మన కాళ్ల కింద."

ఒట్టు, అక్కడున్న ప్రతి ఒక్కరూ నేల వైపు చూశారు. ఓ రైతు చెప్పులోంచి కాలు పైకి తీసుకున్నాడు. పెద్దావిడ పాదాలు కుర్చీ మీదికి మడుచుకుంది. బయట ఎండ కళ్లు పొడుస్తోంది, రంగుల పిల్లలు కేకలు వేసుకుంటూ వెళుతున్నారు. మేమంతా గచ్చు మీద ఎర్రబడ్డ చంద్రుడు కనపడతాడేమోనన్నట్టు వంగి చూస్తున్నాం.

"మళ్లీ మనకి ఎప్పుడండీ ఇది?" అన్నాడు పొయ్యి వెలిగించని రైతు.

"మూడెనిమిదులు ఇరవై నాలుగు. మూడోసారికి చుట్టు పూర్తయి మన రాత్రికే వస్తుంది. ఎనభై తొమ్మిదిలో చూసిందాన్ని రెండు వేల నలభై మూడు మార్చిలో సాయంత్రం చూస్తారు. అంటే యాభై నాలుగేళ్ల చిల్లర. నేను ఉండను. వీడు ఉంటాడు, అడగండి."

పెద్దావిడ గొంతు సవరించుకుంది. "అవన్నీ సరే. నేను ఇప్పుడు అన్నం తినొచ్చా, తినకూడదా?"

"కనపడని గ్రహణానికి పట్టింపు లేదు తల్లీ. హాయిగా తినండి."

ఆవిడ పాదాలు కిందికి దించి నన్ను చూసింది. "ఏమయ్యా, మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చోబెట్టావు కదా నన్ను."

"తప్పయిందండి అమ్మగారూ."

"తప్పు సంగతి తర్వాత. నువ్వు చెప్పకపోతే ఈయన ఏం చేసేవాడు?"

సిద్ధాంతిగారే అన్నారు: "మానేసేవాణ్ణి తల్లీ. మానేద్దామనే వచ్చాను."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "విజయవాడ ఆయనా గీయనా ఎవరూ వద్దు. ఈయన పేరు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాని కింద ఇంకో లైను వేయించు. 'అచ్చుతప్పులకు బాధ్యుడు' అని వేసి ఈ అచ్చాఫీసాయన పేరూ, ఫోన్ నంబరూ. తప్పేదో ఒప్పేదో జనం ఎవర్ని అడగాలో వాళ్లకి తెలియాలి."

షావుకారు నవ్వాపుకుంటూ, "ఈయన ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడమ్మా" అన్నాడు.

"అయితే తీరిగ్గా ఫోనెత్తుతాడు" అంది.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో మాకు భోజనం పెట్టారు. గరిక తీసిన జాడీలోంచి ఆవిడే పచ్చడి వడ్డించింది, నాకు రెండుసార్లు, కావాలనే కారంగా ఉన్న ముక్కలు చూసి. తిరుగు బస్సులో సిద్ధాంతిగారు వచ్చే ఏడు తిథులు ఎప్పటికల్లా ఇవ్వాలో నన్ను అడిగారు. దసరాకల్లా అన్నాను. మొదట ఆపరేషనైన కన్ను బాగానే ఉందని, దూరంగా లారీ వెనక రాసింది చదివి వినిపించారు.

ఓనరు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు షావుకారు ఆర్డరు ఖాయమైందని ఫోను రాగానే బాబాయ్ అన్నాడు. భాయ్ మాత్రం విన్న రోజే, "ఇఫ్తారుకు రా, ఇవాళ నీకు కూడా ఆకలేసి ఉంటుంది" అన్నాడు. దండ వేశారు, వాడిపోయింది. సెప్టెంబరు 7న గ్రహణం సిద్ధాంతిగారు రాసినట్టే, రాత్రి పదికి మూడు నిమిషాలు తక్కువకు అంచు నలుపెక్కింది. ఆ రాత్రి నందిగామ చుట్టుపక్కల ఎన్ని ఊళ్ల నుంచి ఆయనకు ఫోన్లు వెళ్లాయో ఆయన నాకు మర్నాడు ఊరూరు పేరు చెప్పి మరీ వినిపించారు.

2026 క్యాలెండరు వచ్చింది. పెద్దావిడ చెప్పిన లైను చెప్పినట్టే వేశారు. భాయ్ మిషను మీద నుంచి తీసిన మొదటి కాపీ నాకు తెచ్చిచ్చాడు. జీవితంలో నా పేరు అచ్చులో పడటం అదే మొదలు. నలభై ఆరేళ్లు ఊరందరి పేర్లూ పేర్చినవాణ్ణి కదా, కాసేపు చూసుకున్నాను.

ఈ మార్చి 3న సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే పొడుస్తాడని అందులో ఉంది. ముందు రోజు ఓ ఫోను వచ్చింది, ఎవరో రైతు.

"ఏవండీ, తప్పులాయనేనా?"

"అవునండీ, నేనే."

"రేపు గ్రహణం అని ఉంది. ఇది ఎవరు వేశారండీ?"

"సిద్ధాంతిగారండి."

"మీరేమన్నా చెయ్యి పెట్టారా ఇందులో?"

"లేదండి. నేను ముట్టుకోలేదు."

"అయితే ఉన్నట్టే" అని పెట్టేశాడు.